చీటీ మీద లేని పేరు

అరవకు బాబూ. పువ్వుల కొట్లోకి వచ్చి అరవడం ఏటి, సదువుకున్నోడివి? సెప్పులు బయట ఇప్పి, ఆ స్టూలు మీద కూకో.

డెలివరీ అవ్వలేదని నీ ఫోనులో వచ్చిందా? వస్తాది. నేనే నొక్కాను. ఈ టెక్కలిలో కొట్టు పెట్టిన కాడ నుంచి ఈ కూర్మమ్మ ఒక్క దండ ఎగ్గొట్టలేదు. ఎందుకు అవ్వలేదో సెప్తాను, ఇను.

నిన్న నీ మొదటి ఆర్డరు వచ్చింది. ఎర్ర గులాబీలు, పళ్ల బుట్ట, ఆ రోజే నౌపడలో సుహాసినికి అందాలి, చీటీ మీద పంపినోడి పేరు ఉండకూడదు. ఫోనులో ఆర్డర్లు తీసుకునే మీ కంపెనీవాళ్లు ఈ సుట్టుపక్కలవన్నీ నాకే పంపుతారు. పుట్టినరోజులకి పంపాను, పెళ్లిరోజులకి పంపాను. పేరు ఉండకూడదన్నోడివి నువ్వొక్కడివే. పేరు లేకుండా ఆడపిల్లకి పువ్వులు పంపడం ఏటి? రాయి ఇసిరి గోడ సాటున దాక్కున్నట్టు?

శ్రావణమాసం. గులాబీలు శ్రీకాకుళంలోనే అయిపోనాయి. నా దగ్గర సేమంతులు, కనకాంబరాలు ఉన్నాయి. బుట్టలు కూడా లేవు. ఇత్తడి పళ్లెం తోమి పువ్వులు పెట్టాను, పళ్లు పెట్టాను. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పెట్టాను.

అలా సూడకు. పువ్వులూ పళ్లూ నీ ఆర్డర్లోవే. నేను కలిపింది మర్యాద. దానికి డబ్బులు కూడా తీసుకోలేదు.

పెళ్లికాని పిల్ల ఇంటికి అలాంటి పళ్లెం వెళ్తే పిల్లని అడిగినట్టేనని నాకు తెలీదా? తెలుసు. తెలిసే పెట్టాను. అడగాలని లేనోడు పువ్వులెందుకు పంపుతాడు?

ఆటోలో నేనే ఎల్లాను. వాళ్ల నాన్న నరసింగరావు ఉప్పుమడి నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటన్నాడు. "ఎవలు పంపారు?" అన్నాడు. విశాఖపట్నం నుంచి పృథ్వీరాజ్ అనే అబ్బాయి అన్నాను. చీటీ మీద రాయొద్దన్నావు, రాయలేదు. నోటితో సెప్పొద్దని ఎక్కడుంది?

పిల్ల తల దించుకుంది. ఎచ్చెర్ల కాలేజీలో కలిసి సదువుకున్నామని, మీ ఇంట్లో సెప్తాను సెప్తానని నువ్వు నెట్టుకొస్తన్నావని, వాళ్ల మామ్మకి అంతా సెప్పీసింది. మామ్మకి ఎంత సంబరమో. కనకాంబరాలు మనవరాలి జడలో పెట్టి, ఆ సేత్తోనే అరటిపండు ఒలుసుకుంది. నరసింగరావు కూడా పెద్దగా కోప్పడలేదు. "అబ్బాయితో నేను మాటాడతాను, నంబరు సెప్పు" అన్నాడు పిల్లతో.

తన ఫోన్లోంచే కొట్టాడు. స్పీకరు పెట్టాడు. "బాబూ, మా సుహాసినికి పువ్వులు పంపింది నువ్వేనా?" అన్నాడు.

నువ్వు ఏటన్నావు? సెప్పు. ఇప్పుడు నేలసూపులు ఏటి? నన్ను సెప్పమంటావా?

"ఏ సుహాసిని అండీ?" అన్నావు.

ఆ మాట పిల్ల ఇంది బాబూ. పక్కనే నిలబడి ఉన్నాది. ఏడుస్తాదేమో అనుకున్నాను. ఏడవలేదు. జడలో పువ్వులు తీసీసింది, పళ్లెంలో పెట్టింది, పళ్లెం నా సేతికిచ్చింది. మామ్మ ఆ సగం తిన్న అరటిపండు కూడా పళ్లెంలో పెట్టాలో వద్దో తెలీక నాకేసి సూసింది. తినీమన్నాను.

భయమేసిందా? భయమేస్తే రేపు మాటాడతానండీ అనొచ్చు. ఫోను కట్ సేసినా ఇంత తప్పు లేదు. సిగ్నలు బాలేదని నేనే సెప్పుండేదాన్ని. అబద్ధం ఆడని నేను, నీ కోసం ఆడుండేదాన్ని.

ఈ రోజు తెల్లారేసరికి నీ రెండో ఆర్డరు. ఈసారి కొబ్బరికాయ నువ్వే అడిగావు. చీటీ మీద పేరు పెద్ద అచ్చరాలతో, ఇంటిపేరుతో సహా, పక్కన మీ నాన్న పేరు. బుద్ధొచ్చిందనుకున్నాను. దండ నా సేతులతోనే కట్టాను. మళ్లీ అదే ఆటో, మళ్లీ అదే పళ్లెం.

గుమ్మంలో ఆ పిల్లే ఎదురొచ్చింది. నన్ను కూకోమంది. మంచినీళ్లిచ్చింది. చీటీ తీసుకుని, ఇంటిపేరు కాడ నుంచి మెల్లగా మొత్తం సదివింది. మడతపెట్టి మళ్లీ నా పళ్లెంలోనే పెట్టింది.

పృథ్వీరాజ్ పంపాడమ్మా అన్నాను.

కోపంగా అనలేదు బాబూ. నిన్న నువ్వు ఎంత మర్యాదగా అడిగావో, అంత మర్యాదగానే అడిగింది.

"ఏ పృథ్వీరాజ్ పిన్నీ?"