గుంత మీది ఇనుప మూత

జూలై నెల, ఆ దేశంలో చలికాలం. మంగళవారం మధ్యాహ్నం. కూరంబీ ఊళ్లో, పచ్చిక మీద బంతులు దొర్లించి ఆడే లాన్ బౌల్స్ క్లబ్బు. పచ్చిక మూలనున్న పనిముట్ల షెడ్డు. పచ్చిక చూసుకునే మెర్వ్, క్లబ్బు కార్యదర్శి డల్సీ.

“ముందు ఆ కుళాయి కట్టు మెర్వ్. తర్వాత మాట్లాడదాం.”

“కట్టే ఉంది. వాషరు అరిగింది. చుక్క పడుతోంది, అంతే.”

“చుక్కే కదా అంటావు. నీళ్లు అలా పోతుంటే నాకు మాట రాదు. జరుగు, నేనే చూస్తా... ఇదిగో, కింద బక్కెట్టు పెట్టా. సాయంత్రం ఆ నీళ్లు గులాబీలకి పొయ్యి.”

“పోస్తాలే తల్లీ.”

“నవ్వకు. మా అమ్మ ఏడుగురు పిల్లలకి ఒకే తొట్టి నీళ్లతో స్నానం చేయించేది. చివర్న నేను. నాకొచ్చేసరికి ఆ నీళ్లు టీ రంగులో ఉండేవి.”

“మా ఇంట్లో చివర్న కుక్క.”

“సరే, ఆ స్కోన్ రొట్టెలు తిను. జామ్ నా చేతిదే. తిని ఈ కాగితం మీద సంతకం పెట్టు. ఐదింటికి కౌన్సిల్ ఆఫీసు మూసేస్తారు. ఇవాళే ఆఖరు.”

“ఏం కాగితం?”

“నెల్లాళ్లుగా ఊరంతా దీని గురించే కొట్టుకుంటుంటే ఏం కాగితమంటాడు. మన రెండో పచ్చిక మీద ఇళ్లు కడతారట, పన్నెండు. ఉండడానికి చోటు లేనివాళ్లకి. వద్దని అభ్యంతరం రాస్తున్నాం. అరవై ఒక్కమంది పెట్టారు. నీదీ పడితే అరవై రెండు.”

“అరవై ఒకటి చాలవూ?”

“వాళ్లంతా చుట్టుపక్కల ఇళ్లవాళ్లు. తమ గోడ బాధ తమదని కౌన్సిల్ వాళ్లు పక్కన పడేస్తారు. ముప్పై ఏళ్లు ఈ గడ్డి పెంచినవాడివి నువ్వు. ఆ పచ్చిక మళ్లీ ఆటకొస్తుందని నువ్వు రాస్తే ఆ మాట నిలుస్తుంది. కౌన్సిల్ అమ్మాయి కూడా అడిగింది, మెర్వ్ ఏమంటున్నాడు అని.”

“అది ఆటకి రాదు డల్సీ. ఎనిమిదేళ్లుగా దాని మీద ఎవరూ బంతి దొర్లించలేదు.”

“వస్తుందని రాయమంటున్నా. రప్పించమనడం లేదు.”

“నేను సంతకం పెడితే ఇళ్లు ఆగిపోతాయా?”

“ఎందుకాగుతాయి. పశువుల సంత వెనకాల ఖాళీ ఉందిగా, అక్కడికి పోతాయి.”

“ఊరికి ఎనిమిది కిలోమీటర్లు. బస్సు లేదు.”

“నాదేమన్నా రాతిగుండా? వాళ్లకి ఇళ్లు వద్దంటున్నానా? కావాలి. శనివారం హాల్లో అందరూ అదే అన్నారు. నువ్వు రాలేదుగా.”

“దగ్గు.”

“అవును, నాలుగైదు రోజుల్నించి ఒకటే దగ్గు. డాక్టరు దగ్గరికి పోవేం. ఏం చెప్తున్నా... ఆఁ, రొట్టెల కొట్టు రాస్ లేచి ఇళ్లు కావాలి గానీ బడి పక్కన వద్దన్నాడు. బడి పెద్దావిడ లేచి, బడికన్నా ఆసుపత్రి పక్కన నయం అంది. ఆసుపత్రి వాళ్లు లేచి శ్మశానం పక్క స్థలం చూపించారు. శ్మశానం కమిటీ ఆయన ఆ చోటు ప్రశాంతంగా ఉండాలన్నాడు.”

“అక్కడున్నవాళ్లు ఏమైనా రాసిచ్చారా?”

“ఎక్కడున్నవాళ్లు?”

“శ్మశానంలో.”

“నీ వేళాకోళం ఎక్కడికి పోతుందిలే. ఇదిగో పెన్ను. పేరు రాయి, మెర్విన్ టల్లక్ అని పూర్తిగా. ఆఁ. ఇక్కడ అడ్రసు. ఇక్కడ సంతకం.”

“అడ్రసు ఎందుకు?”

“ఈ ఊరివాళ్ల మాటే లెక్కలోకి తీసుకుంటారట. ఆ గడి ఖాళీగా ఉంటే కాగితం చెల్లదు.”

“మరైతే నాది చెల్లదు. నేను వారా ఊళ్లో ఉంటున్నాగా, చెల్లెలి దగ్గర.”

“పాత ఇంటిది రాయి. మిల్లు వీధిది.”

“ఓనరు అది అమ్మేసి ఏడాదవుతోంది. వేరేవాళ్లుంటున్నారు.”

“ఇరవై రెండేళ్లు అద్దె కట్టావు. రాస్తే ఎవరు పోయి చూస్తారు?”

“మా ఆవిడ జోన్ పెట్టిన నిమ్మచెట్టు కొట్టేశారు, చూశావా?”

“చూశా. నాకూ బాధేసింది. జోన్ ఉంటే నీ సంతకం కోసం నేనింత బతిమాలేదాన్ని కాదు, నీ చెయ్యి పట్టుకుని తనే పెట్టించేది... ఆ బూట్లేంటి, హీటరు ముందు?”

“తడిశాయి.”

“రెండు వారాలుగా వాన లేదే.”

“ఆరడం లేదు. ముసలి బూట్లు. డల్సీ, నీకు ఆవిడ గుర్తొస్తుందా?”

“ఎవరు?”

“ఎవరో తెలుసు.”

“లేదు.”

“ఈ నెలకి మూడేళ్లు.”

“సంతకం పెట్టు మెర్వ్.”

“ఈ షెడ్డు బయటి వరండాలోనే పడుకునేది. స్కోరు బోర్డు కింద. అట్టపెట్టెలు పరుచుకుని, పొద్దున్నే మడిచి, బోర్డు వెనకాల దాచి పోయేది. నేను గడ్డి కోసే టైముకి అక్కడ మనిషున్న జాడే ఉండేది కాదు. గ్వెన్ ఆవిడ పేరు.”

“పేరు నాకెందుకు చెప్తావు?”

“ఉత్తరాన గోధుమ పొలం ఉండేదట. కరువులో టాంకులు ఎండి, అమ్ముకున్నారట. రెండుసార్లు మాట్లాడింది నాతో.”

“అది కమిటీ తీర్మానం. నా ఒక్కదానిదీ కాదు. మంచు పడి గడ్డి మాడిపోకుండా తెల్లవారుజామున నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు వదలాలని రాశాం. ప్రతి క్లబ్బూ చేస్తుంది. ఇప్పటికీ పుస్తకంలో ఉంది, కావాలంటే చూడు.”

“మంచు పచ్చిక మీద పడుతుంది. వరండాలో పడదు. ఈ మూల స్ప్రింక్లరు తలని వరండా వైపు తిప్పింది నేను. ఈ చేత్తోనే.”

“నిన్నెవరూ ఏమీ అనలేదు.”

“అనలేదు. అంటే బాగుండేది.”

“లేచి పోతుందనుకున్నాం. తడిస్తే ఎవరైనా ఏం చేస్తారు? లేచి పోతారు. అంతే అనుకున్నాం. చంపాలనుకున్నామా?”

“లేదు.”

“మరి. నేనే గేటు తీసి పెట్టా, తెలుసా? ముందు రోజు సాయంత్రం. సులువుగా పోతుందని.”

“గేటు సంగతి నాకు తెలీదు.”

“ఎవరికీ తెలీదు. ఇంకోటి కూడా తెలీదు. నేను చూశా మెర్వ్.”

“ఏం చూశావు?”

“మా వంటింటి కిటికీలోంచి. నాలుగింటికి నీళ్లు మొదలవగానే లేచా, పోతుందో లేదో చూద్దామని. క్లబ్బు దీపం వెలుగులో కనిపించింది. లేచి నిలబడింది. గేటు పది అడుగులు. అటంతా పొడి నేల. అటు పోలేదు. నీళ్లకి ఎదురు నడిచింది. తడుస్తూ, పచ్చికకి అడ్డంగా, ఆ స్ప్రింక్లర్ల వాల్వు గుంత దగ్గరికి. వంగి మూత లాగుతోంది.”

“నువ్వేం చేశావు?”

“కెటిల్ పెట్టా.”

“ఊఁ.”

“మతి లేని మనిషనుకున్నా. మళ్లీ వచ్చి చూస్తే కూర్చునుంది, ఇంకా లాగుతూనే ఉంది. టీ తాగి పడుకున్నా. చలికి బిగుసుకుపోయిన మనిషిని పొద్దున్న నువ్వే కదా ముందు...”

“వేళ్లు మూత కిందే ఉన్నాయి.”

“చెప్పకు.”

“అది మనిషి చేతులకి లేచే మూత కాదు డల్సీ. పోత ఇనుము. నాకే గడ్డపార కావాలి.”

“ఇత్తడి వాల్వు కోసమే అన్నారు అందరూ. పాత సామాన్ల వాడికి అమ్ముకుందామని వెళ్లుంటుందని. నేనూ అదే అనుకుంటా. అలా అనుకుంటేనే నిద్ర పడుతుంది, పట్టిన రోజున.”

“ఇత్తడి కావాలంటే పగలు రావచ్చుగా. పొడిగా ఉన్నప్పుడు.”

“అదే కదా నేనడిగేది. మూడేళ్లుగా అదే అడుగుతున్నా. గేటు తీసి ఉంది. పొడి నేల కనిపిస్తోంది. అటు పోకుండా ఇటెందుకు పోయింది?”

“నాకూ తెలీదు. మొన్నటిదాకా.”

“మొన్నటిదాకా అంటే?”

“ఏం లేదు. స్కోను బాగుంది.”

“మాట మార్చకు.”

“ఆ ఇనుప మూత తీసేశా నేను. ఆ నెలలోనే. పల్చటి చెక్క పెట్టా, చిన్నపిల్ల ఎత్తినా లేస్తుంది. అయినా తెల్లవారుజామున ఇనుము చప్పుడే వినిపిస్తుంది. కొంచెం లేచి, పడిపోయినట్టు. నాలుగింటికి.”

“నాలుగింటికి నువ్వు వారాలో చెల్లెలి ఇంట్లో ఉంటావుగా.”

“తొందరగా వచ్చేస్తా.”

“నలభై కిలోమీటర్లు, నాలుగింటికా? కారు కూడా అమ్మేశావుగా.”

“ఎవరో ఒకరి బండి దొరుకుతుంది. నిద్ర పట్టదు డల్సీ. నీకు పట్టనట్టే.”

“అందుకే చెప్తున్నా. ఇళ్ల మీద నాకు కోపం లేదు. ఆ పన్నెండు ఇళ్లూ మా కిటికీ ఎదురుగా లేస్తాయి. రోజూ పొద్దున్న అలాంటి మనిషి ఎవరో ఒకరు గుమ్మంలో నిలబడి టీ తాగుతుంటారు. నేను తెర తీయలేను మెర్వ్. ఆవిడే అనిపిస్తుంది. సంత వెనకాలైతే నాకు కనబడరు. ఇది నీతోనే అంటున్నా. హాల్లో అనలేదు.”

“హాల్లో ఏమన్నావు?”

“కార్లు ఆపుకోడానికి చోటు చాలదన్నా... ఇంకోటి చెప్పనా? కోప్పడకు.”

“చెప్పు.”

“మళ్లీ ఎవడో చేరాడు. అదే చోటు. పోయిన బుధవారం స్కోరు బోర్డు వెనక అట్టపెట్టెలు చూశా. మడిచి, దాచి, అచ్చం అలాగే. నీకు చెప్తే మనసు పాడుచేసుకుంటావని చెప్పలేదు.”

“ఏం చేశావు డల్సీ?”

“స్ప్రింక్లర్ల టైమరు పెట్టె తాళం నా దగ్గరుందిగా. నాలుగింటికి పెట్టా. నీ స్క్రూడ్రైవరుతోనే ఆ తల తిప్పా. ఒక్క రోజే, గురువారం ఒక్క రోజే. శుక్రవారం మళ్లీ ఎలా ఉన్నది అలా తిప్పేశా. గేటు కూడా తీసి పెట్టా, అప్పట్లాగే.”

“అంతా జరిగాక కూడానా? మళ్లీనా?”

“చూడాలనిపించింది. మామూలు మనిషైతే ఏం చేస్తాడో. అలా చూడకు మెర్వ్. మూడేళ్లుగా నా బుర్ర తినేస్తోంది. కానీ కిటికీ దగ్గరికి పోలేకపోయా. తలగడ చెవులకి నొక్కుకుని పడుకున్నా. పొద్దున్నే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చి చూస్తే గుంత దగ్గర ఎవరూ లేరు. అట్టపెట్టెలూ లేవు. గేటు తీసుంది. పోయాడు. చూశావా? గేటు వైపే పోయాడు, అందరూ పోయినట్టే. అంటే తప్పు ఆవిడ తీరులో ఉంది. మన నీళ్లలో లేదు.”

“నీళ్లు ఎంతసేపటికి పెట్టావు?”

“అరగంటకి. ఏంటో, నాలుగైదు నిమిషాలకే ఆగిపోయాయి. తలగడ తీస్తే చప్పుడు లేదు. టైమరు పాడైనట్టుంది, చూడు ఒకసారి.”

“టైమరు బాగానే ఉంది.”

“మరి ఎలా ఆగాయి?”

“ఎవరో వాల్వు కట్టేశారు.”

“ఎవరు కడతారు? ఆ టైములో ఇక్కడ ఎవరున్నారని? ... మెర్వ్. ఆ దగ్గు ఎప్పటినుంచి?”

“పెన్ను ఇలా ఇవ్వు. అడ్రసు రాస్తా. గడి ఖాళీగా ఉంటే చెల్లదన్నావుగా.”

“దగ్గు ఎప్పటినుంచి అని అడుగుతున్నా.”

“గురువారం నుంచి. ఇదిగో, రాశా. చదువు.”

“‘స్కోరు బోర్డు కింద వరండా, బౌల్స్ క్లబ్బు, కూరంబీ.’ ... ఎన్నాళ్లుగా?”

“మిల్లు వీధి ఇల్లు పోయిన దగ్గర్నించి. చెల్లెలు ఆరు వారాలు ఉంచుకుంది. వాళ్లకే చోటు చాలదు. ఆ కౌన్సిల్ అమ్మాయి నా పేరు రాసుకుంది, ఇక్కడ ఇళ్లు లేస్తే ఒకటి నాకని.”

“నాతో ఒక్క మాట అనొచ్చుగా. మా ఇంట్లో వెనక గది ఖాళీగా ఏడుస్తోంది.”

“ఎలా అననూ? ఆ వరండాలో పడుకునే మనిషి అంటే నీకు ఎలా ఉంటుందో ఈ ఊళ్లో నాకన్నా ఎవరికి తెలుసు.”

“నీకు గేటు కనిపించలేదా? తీసే పెట్టాను కదా. పొడిగా ఉంది కదా. గేటు వైపు పోవాల్సింది కదా మెర్వ్.”

“కనిపించింది. పోవాలని తట్టనేలేదు డల్సీ. నిద్రమత్తులో మీద నీళ్లు పడగానే ఒకటే అనుకున్నా: ఎవరో పాపం కట్టడం మర్చిపోయారు, ఇన్నిన్ని నీళ్లు ఊరికే పోతున్నాయి అని. కట్టేద్దామని గుంత దగ్గరికి పరుగెత్తా.”