పేరు దొరకని మనిషి

సముద్రంలో తేలుతూ వచ్చిన మంచుకొండ ఊరి ముందు అడుగు నేలకి తగిలి ఆగిపోయింది. అది విరిగితే అల ఇళ్ళ మీదికొస్తుందని అందరూ గుట్టెక్కారు. ఒక్క విధవరాలు కదల్లేదు. నిండు గర్భిణి అయిన పొరుగామె వచ్చి తలుపు తట్టింది.

"పైకి పోదాం రా అక్కా."

"నేను రాను. ఇలాంటిది కరిగే చోట అడుగునున్న మేత పైకొస్తుందని, చేపలు చేరతాయని వెళ్ళాడు మా ఆయన. అక్కడ చేపల్ని పెట్టిన దేవుడు మనిషినెందుకు తీసుకున్నాడో!"

"రెండేళ్ళయింది కదక్కా."

"ఆయన పేరు ఇంకా ఏ బిడ్డకీ పెట్టలేదే. పోయినవాళ్ళు తమ పేరు పెట్టిన బిడ్డలోకే కదా తిరిగొచ్చేది. అందాకా ఆయనకి ఈ ఇల్లే దిక్కు. నేనూ పోతే తలుపెవరు తీస్తారు?"

"నా కడుపులో ఉన్న బిడ్డకి పెడతాను. ఆడపిల్లయినా సరే, ఉయారాక్ అనే పిలుస్తాం."

"ఒట్టు?"

"ఒట్టు. ఇక కదులు, కడుపులో నీ మొగుడు తంతున్నాడు."

ఆమె కోటు తొడుక్కుని పొరుగామె చెయ్యి పట్టుకుంది.

"మెల్లిగా ఎక్కవే. గుట్టెక్కితే ఆయనకి ఆయాసం."