సాక్ష్యానికి రెండు సోడా సీసాలు

యాభై ఆరో సంవత్సరం ఎండాకాలం, కడపలో మీరా హుస్సేన్ ఫోటో స్టూడియో. మైదుకూరి సోడా గిడ్డయ్య గోనెసంచి విప్పి, రెండు గోలీసోడా సీసాలను పెళ్లికొడుకుల్లా బల్ల మీద నిలబెట్టాడు. సీసాలకు ఫోటో ఏమిటని సాయిబు అప్పటికే రెండుసార్లు అడిగాడు.

"చెప్తాండా కదా సాయిబా, సాక్ష్యానికని."

"సీసాలనే తీస్కపోయి చూపియ్యప్పా."

"చూపిచ్చినా. పెద్దమనుషులు ముగ్గురికీ చత్వారమే. గాజు మీద గాజు అక్షరాలు, మాకేం కనపడలేదు పో అన్న్యారు. రేపు మళ్లా పంచాయితీ. పెద్ద ఫోటో తీసియ్యి, వాళ్ల ముక్కు కింద పెడతా."

"ఏం కనపడాల దాంట్లో?"

"నా పేరు. మెడ కింద, ఇంగ్లీషులో. మద్రాసులో పోత పోయించినా. ఈ ఎడం సీసా నా అంగడిది. ఈ కుడిది అయ్యన్నగాని అంగట్లో దొరికింది. రెండూ ఒకటే అని తేలితే, వాడు నా సీసాల్లో సోడా కొట్టి అమ్ముతాండాడని తేలినట్లే. తప్పు తేలినోనికి తిరునాళ్లలో అంగడి లేదన్న్యారు పెద్దమనుషులు."

"నీకుంటాది."

"ఉండాల గదా. ఆ మూడు దినాల సోడాలే నాకు ఏడాది బువ్వ. పోయినేడు వాడు నా ఎదురుగానే పెట్టి గిరాకీ అంతా ఈడ్చుకున్న్యాడు."

"దొరికింది అన్న్యావే, ఎట్ల దొరికింది?"

"పోయి సోడా తాగినా."

"తాగినోడు సీసా ఆడనే ఇయ్యాల గదా."

"ఇయ్యాల."

"ఇచ్చినావా?"

"నువ్వు ఫోటోలు తీసేవోనివా, పోలీసోనివా?"

"సరేలే. ఆ పేరు నువ్వు చదివినావా?"

"నాకు తెలుగే రాదు, ఇంగ్లీషు యాడ చదివేది? తడిమితే తెలుస్తాది. వేలు పెట్టి చూడు, ఉబ్బుగా ఉండాదా లేదా? అక్షరాలుంటే అది నాదే. వాడు పిసినారి, అక్షరాలు పోయించే రకం కాదు."

"పక్కకు జరుగప్పా. సీసాలో నీ బొజ్జ కనపడతాంది."

"నా సీసాలో నా బొజ్జ ఉంటే తప్పేముండాది?"

"పెద్దమనుషులకు పేరు కావాల, బొజ్జ కాదు. గాజు శానా మోసం. ఎదురుగా ఎలుతురు కొడితే ఎలుతురే కనపడతాది, సీసా కనపడదు. వెనకాల నల్లగుడ్డ, రెండు పక్కలా తెల్లగుడ్డ ఉండాల. తెల్లగుడ్డ మీది ఎండ పోయి సీసా అంచుల్ని పట్టుకుంటాది. అప్పుడు లేస్తాది అక్షరం."

"కట్టు మరి."

"ఒకటి తక్కువుండాది. నా తెర నిన్న ఒక గిరాకీ చుట్టుకోని పాయ. ఈ కుడిపక్క కట్టింది ఆయప్ప ఇడిచిపోయిన గుడ్డే."

"తెర చుట్టుకోని పోయేదేంది, పిచ్చోడా?"

"మంచోడే. కోపమొచ్చింది. నీ పంచె తెల్లగా ఉండాదే."

"ఉంటే?"

"ఇప్పు."

"ఈ వయసులో పంచె ఇప్పి నిలబడినానని తెలిస్తే, సోడా కాదు గదా, ఊళ్లో నా చేతి నీళ్లు గూడా తాగరు."

"తలుపేసినాలే. లోపల చెడ్డీ ఉండాదా?"

"ఉండాది. సగం."

"చాలు. ఇదో, ఎడంపక్క కట్టినా. చూడు ఎట్ల మెరుస్తాందో. ఇంక కదలద్దు."

"నేను కదిలితే సీసాకేమి?"

"చెక్కనేలప్పా. నువ్వు ఊపిరి పీలిస్తే బల్ల ఊగుతాంది. బల్ల ఊగితే అక్షరాలు అలుక్కుపోతాయి."

"..."

"ఊపిరి ఇడుసు. మరీ అంత వద్దు."

"ఏంది, ఇంతసేపు కెమెరా ముసుగులో దూరినావు?"

"భూతద్దం పెట్టి చూస్తాండా. గోలీ మీది దుమ్ము గూడా కనపడతాంది."

"పేరు?"

"శానా బాగా కనపడతాంది."

"రెండిట్లోనూ?"

"రెండిట్లోనూ."

"ఒకటే పేరా?"

"ఒకటే పేరు."

"సచ్చినాడు అయ్యన్న. తియ్యి సాయిబా, తియ్యి."

"గిడ్డయ్యా, ఈ ఫోటో వద్దులేప్పా."

"ఎందుకు?"

"ఎండ తగ్గుతాంది."

"మిట్టమధ్యాన్నం, కడపలో, ఎండ తగ్గుతాందా?"

"ఫోటో తీసే గాజు ప్లేట్లు గూడా అయిపోయినాయి."

"ఇప్పుడే గదా ఒకటి చేతికి తీసుకుంటివి. ఏం దాస్తాండావు?"

"ఆ పేరు నీది కాదు."

"మరెవరిది?"

"అయ్యన్నది. ఆయప్ప గూడా పోయించినాడు, నీ మాదిరే."

"కుడి సీసాదా?"

"రెండూ."

"ఎడంది నా అంగట్లోది."

"నీ అంగట్లోదే. పేరు మాత్రం ఆయప్పది."

"సరిగ్గా చూడు. మీ కెమెరాలో అంతా తలకిందులుగా అగుపిస్తాదంట గదా."

"తలకిందులైనా అయ్యన్న గిడ్డయ్య కాడు."

"అంటే, ఇది పెద్దమనుషులు చూస్తే..."

"తిరునాళ్ల అంగడి పొయ్యేది నీకే."

"నాకొద్దు నీ ఫోటో. ఇట్లియ్యి ఆ పంచె. ఉండు, నేనే లాక్కుంటా."

"మెల్లగప్పా, సీసాలు పడతాయి."

"పడనీ. విను సాయిబా, బుద్ధెరిగినప్పట్నుంచీ ఇంకొకని సొమ్ము ముట్టినోణ్ణి కాదు. నాది ఏదో వానిది ఏదో చీకట్లో తడిమి చెప్తా. రేపు పంచాయితీలో ప్రమాణం చేసి మరీ చెప్తా."

"చెప్దువులే. నిన్న అయ్యన్న గూడా ఈడనే నిలబడి ఇదే మాటన్న్యాడు, నీ పేరుండే సీసాలు రెండు ముందర పెట్టుకోని."

"అయ్యన్న వచ్చినాడా?"

"వచ్చినాడు. ఆ కోపంలోనే నా తెర చుట్టుకోని పోయినాడు. నీ పంచె ఇంకా ఎడంపక్కనే యాలాడతాంది గిడ్డయ్యా, నువ్వు కట్టుకున్నది ఆయప్పది."