డాబా మీద దిగిన వంటిల్లు

పేరంటాలు అలిగింది. అలిగిందంటే మీరూ నేనూ అలిగినట్టు కాదు, ఆవిడ అలిగితే ఆ వీధి వీధంతా పాలు తోడుకునేవి కావంట. ఎందుకలిగిందీ అంటే, చేపల పులుసు దగ్గర. అన్నదమ్ములిద్దరికీ ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. పెద్దకోడలు గవరమ్మ, చిన్నకోడలు ఈ పేరంటాలు. ఆ పూట పేరంటాలు పులుసు పెడితే, గవరమ్మ ఓ చుక్క నాలిక మీద వేసుకుని, "ఇదేం పులుపే తల్లీ, చచ్చిన చేప కూడా లేచి ఏట్లోకి పారిపోద్ది" అందంట. అంతే! గరిట నేలకేసి కొట్టింది పేరంటాలు. "అయితే విను అక్కా, ఇంక నీ గడప తొక్కను. నా సొంత పొయ్యి మీద వండుకునేదాకా మెతుకు ముట్టను" అని, మొగుడు అబ్బులు రెక్క పట్టుకుని లాక్కుపోయి, ఊరి చివర తమ వాటా స్థలంలో పాకేసుకుని కూర్చుందంట. పాకలోనే పొయ్యి పెట్టుకోవచ్చు కదా అంటారా? ఆ మాట అన్నవాడిని కొట్టినంత పని చేసింది. గృహప్రవేశం చేసి పాలు పొంగించని పొయ్యి ఒక పొయ్యేనా అంది. ఇంకేముంది, అటుకులూ అరటిపళ్ళూ, అరటిపళ్ళూ అటుకులూ. మనిషి ఎంత చిక్కిపోయిందంటే, గాలేస్తే అబ్బులు ఆవిడ కొంగుని గుంజకి కట్టేసేవాడంట. ఆ అబ్బులు మాత్రం గుండ్రాయిలా ఉన్నాడు. ఎందుకుండడు మరి, రోజూ దొడ్డిదారిన వదిన దగ్గరికెళ్ళి తినేసి, మీసం తుడుచుకుని వచ్చేవాడు.

సరే, పంతులుగారిని అడిగితే, "బేస్తవారం పొద్దున్న ఒక్కటే ముహూర్తం ఉందమ్మా, అది దాటితే మూఢం, మూడు నెలలదాకా పాలు పొంగించే మాట లేదు" అన్నాడంట. మూడు నెలలు అటుకులే! తాపీమేస్త్రీని పిలిస్తే పొట్ట పట్టుకు నవ్వాడు. "ఇల్లంటే పెసరట్టనుకున్నావా పిన్నీ, బేస్తవారానికి పునాది గొయ్యే పూర్తవదు" అన్నాడు. అప్పుడు ఎవరో చెప్పారంట, పట్నం అవతల ఫ్యాక్టరీలో ఇళ్ళు చేస్తారని. ఇడ్లీరేకుల్లోంచి ఇడ్లీలు తీసినట్టు గదులు తీస్తారంట, గోడలు, కిటికీలు, కుళాయిలు, అన్నీ బిగించేసి. ఏ గదికాగది లారీ ఎక్కించి తెచ్చి, క్రేనుతో దించి, ఒకదానికొకటి అతికిస్తారు. పేరంటాలు మెడలో గొలుసు తీసి అబ్బులు చేతిలో పెట్టి, "ఫో, మూడు గదులు పట్రా" అంది, కూరగాయలు తెమ్మన్నట్టు.

బుధవారం నాటికి పడగ్గదీ హాలూ వచ్చి స్థలంలో దిగాయి. ఊరు ఊరంతా వచ్చి గోడల మీద వేళ్ళతో కొట్టి చూసి, పుచ్చకాయ పండిందా లేదా అని చూసినట్టు చెవులు పెట్టి విన్నారంట. బేస్తవారం పొద్దున్న వంటిల్లు బయలుదేరింది. ముందు లారీ, వెనక క్రేను, ఆ వెనక సన్నాయి మేళం, పంతులుగారు, అబ్బులు, గృహప్రవేశానికని తెల్లావుని తోలుకుంటా పేరంటాలు. ఏమైందంటే, సరిగ్గా గవరమ్మ ఇంటి మలుపు దగ్గరకొచ్చి లారీ ఇరుక్కుపోయింది. ముందుకి పోదు, వెనక్కి రాదు. సీసాలో బిరడా బిగుసుకున్నట్టు బిగుసుకుంది. పంతులుగారేమో గడియారం చూసుకుంటా, "అమ్మా, అరగంటే" అంటాడు. పేరంటాలు ఊరుకుంటుందా? లారీకి రెండు పలకలు ఆనించి తెల్లావుని ముందు తోలింది, వెనక తనెక్కింది, పాలగిన్నె స్టవ్వు మీద పెట్టేసింది లారీ మీదే! పంతులుగారు అడ్డం పడ్డాడు. "చక్రాల మీదుంటే బండవుద్ది గానీ ఇల్లెట్లా అవుద్దమ్మా? కదలకుండా ఓ చోట కూర్చున్నాకే పాలు పొంగాలి." "అయితే ఎత్తి కూర్చోబెట్టండి!" అని అరిచింది లోపల్నించి.

క్రేను నడిపేవాడు దస్తగిరి అని, నెమ్మదస్తుడు. ఏం చేస్తాడు, గొలుసులేసి ఎత్తాడు. పోతంది, పోతంది వంటిల్లు ఆకాశంలోకి. కిటికీలోంచి ఓపక్క పేరంటాలు తల, ఓపక్క ఆవు తల. కొంగలు చూసి దారిచ్చాయంట. తీరా ఎత్తాక చూస్తే దించడానికి చోటేది? వీధినిండా లారీ, చుట్టూ తాటాకిళ్ళు. క్రేను చెయ్యి అందేది ఒక్కటే, గవరమ్మ డాబా. ఆ డాబా మీద గవరమ్మ మినపవడియాలు ఎండేసుకుని రోకలి పట్టుకుని నిలబడి ఉంది. "అమ్మా, దించమంటావా?" అని కింద నుంచి గవరమ్మని అడిగాడు దస్తగిరి. పేరంటాలు మొహం తిప్పేసుకుని, "ఏమయ్యా అబ్బులూ, ఆవిణ్ణి బతిమాలొద్దు, కావాలంటే ఇట్టాగే గాల్లో ఉండిపోతా" అంది. అంది గానీ, పాలు అంచుదాకా వచ్చేస్తన్నాయి. గవరమ్మ తలెత్తి చూసింది. బుగ్గలు పీక్కుపోయి, కళ్ళు లోపలికెళ్ళిపోయి, కిటికీలో ఆవే నయంగా ఉంది. రోకలి పక్కనపడేసి, "ఏరా దస్తగిరీ, బుద్ధుందా? వడియాలు తీసుకోనియ్యవా ముందు! ఇది ఇంకో మూడు నెలలు అటుకులు మేస్తే ఊళ్ళో పిల్లలకి అటుకులు మిగలవు" అని గబగబా చాప చుట్టేసింది. ధబ్బుమని దిగింది వంటిల్లు. పాలు పొంగాయి. ఆవు అంబా అంది. "అక్కా" అని బావురుమంది పేరంటాలు. "ఏడవకు, పొయ్యి ఆరిపోద్ది" అంది గవరమ్మ.

మరి ఒట్టు సంగతేంటంటారా? గడప తొక్కలేదుగా, పైనుంచి వచ్చింది! బయటి గోడకి నిచ్చెనేశారు. పాలు పొంగిన పొయ్యి మూఢం వెళ్ళేదాకా కదపకూడదన్నాడు పంతులుగారు. మూఢం వెళ్ళాక దస్తగిరి క్రేను తోలుకొస్తే, తోడికోడళ్ళిద్దరూ ఒక్కటై, "ఎవడు పిలిచాడురా నిన్ను?" అని తరిమారంట. ఇప్పటికీ వంట డాబా మీద, పడక ఊరి చివర. ఆకలేస్తే ఇటు నడుస్తారు, నిద్దరొస్తే అటు నడుస్తారు. ఆవు నిచ్చెన దిగనంది, అక్కడే ఈని, దూడని కూడా అక్కడే పెంచింది. పేరంటాలు బుట్టలో పులుసుగిన్నె పెట్టి తాడుతో కిందికి దించుద్ది, గవరమ్మ ఓ చుక్క నాకి, "ఇదేం పులుపే తల్లీ!" అని కింద నుంచి కేకేసుద్ది. కేకేసి గిన్నె ఖాళీ చేసి పంపుద్ది. ఆ పులుసు మాత్రం పులుపేనండోయ్, అందులో గవరమ్మ తప్పేం లేదు. నేను ఒక్కసారంటే ఒక్కసారే తిన్నాను. నా పళ్ళన్నీ ఎట్టా పోయాయనుకున్నారు?