రాని శనారం పప్పు

గట్ల మొకం తిప్పుకుంటే ఎట్లనే, గంగామణీ? బాన్సువాడ నుంచి మీ నస్రుల్లాబాద్ దాకా బస్సుల నిలబడే వచ్చిన. మీ అవ్వ నీళ్లన్న ఇచ్చింది. నువ్వేమో చాట దించుతలేవు. బియ్యంల రాళ్లే ఏరుతున్నవా, నన్నే ఏరి పారేస్తున్నవా?

ఏందీ, కాజాల కోసం వచ్చిననా? అబ్బ! సరే, బడులు తెరిచిన్రు, ఖాకీ లాగులు కుప్ప పడ్డయి, కాజాలు తీసి గుండీలు కుట్ట నువ్వు లేవు. నిజమే. గానీ గందుకు రాలే.

అంతా గా డైరీతోనే వచ్చె. ప్యాంటు కుట్టిచ్చుకున్న సారు చేతుల పెట్టిపాయె. "ఎంత పనున్నా దినాం రెండు ముచ్చట్లు రాయి నర్సింలూ, ముసలితనంల చదువుకుంటవ్" అన్నడు. ఏడో తరగతి తప్పినోన్ని, జేబుకు పెన్ను పెట్టుకోని బజార్ల తిరిగిన. నవ్వు, నవ్వితే తప్పేం లేదు.

కొన్ని దినాలు సక్కగనే రాసిన. ఇగ బడులు తెరిచే వారమొచ్చె. టైలరోని బుద్ధి నీకు తెల్వనిదా? కాలర్లన్నీ ఒక్కపారి, జేబులన్నీ ఒక్కపారి, కాజాలన్నీ ఒక్క కూసున్నకాడ. ఒక్కొక్క అంగీ పట్టుకోని కూసుంటే కడుపు నిండదని మా నాయిన నేర్పిండు. నేను డైరీకి గూడ గదే చేసిన! సోమారం పొద్దుగాల కూసోని శనారం దాకా అన్ని దినాలు ఒక్కపారే కుట్టిపడేసిన. అన్నిటికీ ఒక్కటే కొలత: "దుకాణం పోయిన. గిరాకి మంచిగున్నది. గంగామణి మంచిగున్నది. పప్పు వండింది. తిని పండుకున్న."

బేస్తారం నువ్వు జరంతోని వణుకుతవని ఎవలకెరుక? పక్కింటి పార్వతీబాయి నిన్ను రిక్షాల ఏసుకోని దవాఖానకు తీస్కపాయె. గ్లూకోజు ఎక్కిచ్చుకోని ఇంటికొచ్చి తలకింది మెత్త జరిపితే, గా డైరీ నీ చేతికే దొరకాల్నా! "బేస్తారం: గంగామణి మంచిగున్నది. పప్పు వండింది." ఇంక రాని శనారం గూడ నీతోని పప్పు వండిచ్చిన. థూ, నా బతుకు.

జర ఆగు, లేవకు. ఇంకో మాటున్నది.

నువ్వు దవాఖానల ఉన్నవని నాకు కబురే రాలేదని మీ అన్న ముత్తెన్నతోని అన్న గదా. వచ్చింది. రిక్షాయన దుకాణం కాడికొచ్చి చెప్పిండు. "నాలుగు లాగులున్నయి, ఐతనే వస్త" అన్న. తలకాయ ఎత్తేసరికి దీపాలు పెట్టిన్రు. లాగులే గెలిచినయి, గంగామణీ. సిగ్గైతుంది.

నువ్వు ఈడికొచ్చేసినంక గవన్నీ గీత గీసి కొట్టేసిన. ఇప్పుడు ఏ దినం ముచ్చట ఆ దినమే రాస్తున్న. "దుకాణం పోయిన" అని రాస్త. ఎనకనే "గంగామణి" అని చెయ్యే రాస్తది. గాడ ఆగుతది. నువ్వెట్లున్నవో నాకేం తెల్సు? ఎన్నడన్న అడిగిననా?

సంచిల ఏందా? ఏం లేదు. చూడకు... సరే, చూడు. డైరీనే.

ఇయ్యాల్టిది బస్సులనే రాసిన. బుద్ధి యాడికి పోతది? "గంగామణి నాతోని ఇంటికొచ్చింది. పప్పు నేనే వండిన" అని. పొయ్యి అంటిచ్చుడు గూడ రాదు నా మొకానికి.

లేవే. నేను రాసింది ఒక్క దినమన్న నిజం చెయ్యి.