డాబా మీంచి పరుగు పందెం

టీ కొట్టాయన మధ్యాహ్నం నుంచీ ఒక్క కబురు కోసం కాచుకుని ఉన్నాడు. కూతురికి ఇవాళ స్కూల్లో పరుగు పందెం, మూడింటికి. ఆ వేళకి ఆఫీసుల వాళ్ళంతా కొట్టు మీద పడతారు, కదలడానికి లేదు. అందుకే ఎదుటి స్టూడియో ఫోటోగ్రాఫర్‌ని బతిమాలుకున్నాడు, పొడుగు లెన్సుతో పిల్ల పరుగెత్తుతుండగా ఒక్క ఫోటో తీసిపెట్టమని. ఆ లెన్సు కొన్న దగ్గర్నుంచీ వీధంతా ఫోటోగ్రాఫర్‌ని దుర్భిణి అనే పిలుస్తోంది.

రద్దీ తగ్గాక దుర్భిణి తీరిగ్గా వచ్చి, బల్ల మీద దర్జీకీ ఆటో డ్రైవరుకీ మధ్య ఇరుక్కుని కూచుని, కెమెరాని పసిపిల్లలా ఒళ్ళో పడుకోబెట్టుకున్నాడు.

"తీశావా అన్నా?" అన్నాడు టీ కొట్టాయన, గరిటె వదలకుండానే.

"తీశావా అని అడుగుతావేంటి తమ్ముడూ! ముందు టీ పొయ్యి, చెప్తా. అసలీ లెన్సంటే ఏంటో మీకెవరికీ తెలీదు. జనం దీన్ని పులుల కోసం, పిట్టల కోసం కొంటారు, ఏడాదికోసారి అడవికెళ్ళొచ్చి బీరువాలో పెడతారు. నేనలా కాదు. పళ్ళు తోముకోగానే మెళ్ళో వేసుకుంటా. మనుషులు మామూలుగా ఎలా ఉంటారో చూడాలంటే దూరం నుంచే తియ్యాలి, దగ్గరికెళ్తే అందరూ బిగుసుకుపోతారు. మొన్న మా డాబా మీద నిలబడి ఈ దర్జీ సూదిలో దారం ఎక్కిస్తుంటే తీశానా, దారం చివర రెండు పాయలైంది కూడా కనబడింది!"

"అది నిజమే," అన్నాడు దర్జీ. "ఫోటో చూపించాడు."

ఒకరు నిజమనేసరికి దుర్భిణికి ఊపొచ్చింది.

"మర్నాడు అదే డాబా మీంచి బస్టాండు వైపు తిప్పా. అక్కడెవరో పెద్దమనిషి పేపరు చదువుతున్నాడు. నేనూ చదివా. మొత్తం పేజీ. నాకు అయిపోయింది కానీ ఆయనకి అవలేదు, నత్తనడక చదువు. ఎంతసేపని చూస్తాను? పేజీ తిప్పండి సార్ అని డాబా మీంచే చెయ్యూపితే తిప్పాడు పాపం!"

"ఆయనకి నువ్వెలా కనబడ్డావు?" అన్నాడు ఆటో డ్రైవరు.

"అద్దమన్నాక రెండు వైపులా కనబడదా? మధ్యలో అడ్డు రాకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఊరి బయట కొండ ఉంది చూడు, దాని మీద మేకలు మేస్తుంటే జూమ్ కాస్త గబుక్కున తిప్పానన్నమాట. తిప్పకూడదు, మెల్లిగా తిప్పాలి. కొండ కొండంతా సర్రున వచ్చి మా పిట్టగోడకి ఆనుకుంది. నేను తేరుకునేలోపు ఒక మేక మెడ చాచి ఆరేసిన తువ్వాలు నమిలేసింది. నాకు ముచ్చెమటలు పోశాయనుకో! మళ్ళీ వెనక్కి తిప్పి, కొండని ఎక్కడిదక్కడ పెట్టేసరికి తాతలు దిగొచ్చారు. ఇప్పటికీ కాస్త పక్కకే ఉంటుంది, గమనించండి."

దర్జీకి టీ పొలమారింది. టీ కొట్టాయన మాత్రం నవ్వలేదు. "అన్నా, మా అమ్మాయి..."

"అక్కడికే వస్తున్నానయ్యా! మూడు కాగానే డాబా ఎక్కా."

"డాబానా? స్కూలు వీధి చివరే కదా. మలుపు తిరిగితే వచ్చేస్తుంది."

"మలుపే కదా అసలు గొప్ప! మధ్యలో గోడౌను అడ్డం. ఇంకోడైతే మెట్లు దిగి నడిచెళ్ళేవాడు. నేను లెన్సుని పూర్తిగా బయటికి సాగదీసి, గోడౌను మూల దగ్గర ఇట్టా కొంచెం వంచా. వంచగానే గ్రౌండంతా నా కళ్ళ ముందుంది. ఈల వేశారు. మీ అమ్మాయి వెనకబడింది తమ్ముడూ. అందరికంటే వెనక."

టీ కొట్టాయన చేతిలో గరిటె ఆగింది.

"నా ప్రాణం ఉసూరుమంది. మన పిల్ల ఓడిపోవడమేంటి? మిగతావాళ్ళని వదిలేసి ఒక్క మీ అమ్మాయిని పట్టుకుని జూమ్ లాగాను. లాగేకొద్దీ దగ్గరికొస్తోంది, మిగతావాళ్ళు అక్కడే ఉన్నారు. ఇంకా లాగా. నుదుటి మీద చెమట బొట్టు, ఆ బొట్టులో గ్రౌండు, ఆ గ్రౌండులో మళ్ళీ మీ అమ్మాయి, అన్నీ తీశా! ఆఖరి లాగుడికి రిబ్బను తెంచుకుని అవతలికి పోయింది. ఫస్టు!"

అబద్ధమని టీ కొట్టాయనకి తెలియకపోలేదు. దుర్భిణి మాటల్లో తొంభై పాళ్ళు గాలేనని వీధంతటికీ తెలుసు. కానీ ఆ 'ఫస్టు' మాత్రం గాలి కాదేమోనని లోపల ఒక ఆశ. మళ్ళీ అడిగితే ఎక్కడ మారిపోతుందోనని అడక్కుండా, అందరి గ్లాసుల్లోనూ ఇంకాస్త టీ పోశాడు.

సరిగ్గా అప్పుడే కూతురు స్కూలు వైపు నుంచి రొప్పుకుంటూ వచ్చింది.

"నాన్నా, ఇప్పుడొక్కసారి రాగలవా?"

"బహుమతి ఇస్తున్నారామ్మా?"

"బహుమతేంటి? పందెమే ఇంకా అవలేదు. రాత్రి వానకి సున్నం గీతలన్నీ కొట్టుకుపోయాయి, ఇందాకట్నుంచీ గీస్తూనే ఉన్నారు. ఇప్పుడు మొదలెడతారట. రద్దీ తగ్గుంటుందని సార్‌ని అడిగొచ్చా."

దుర్భిణి చొక్కా అంచుతో లెన్సు తుడవడం మొదలెట్టాడు, తుడుస్తూనే ఉన్నాడు.

"మరి ఫస్టొచ్చిందెవరు?" అన్నాడు దర్జీ మెల్లిగా.

"అదే కదయ్యా చెప్పేది!" దుర్భిణి తలెత్తాడు. "ఈ లెన్సు దూరాన్నే కాదు, కాలాన్ని కూడా లాగుతుంది. జరగబోయేదాన్ని ముందే లాగేశా!"

ఆటో డ్రైవరు పగలబడి నవ్వాడు. టీ కొట్టాయనకి ఒక్క క్షణం చేతిలోది ఎవరో లాక్కున్నట్టయింది. అంతలోనే కూతురి మొహం చూశాడు. వస్తాడో రాడోనని పిల్ల పొయ్యి వంకే చూస్తోంది. వంగి పొయ్యి ఆర్పేశాడు.

"కొట్టు చూస్తుండు," అని దర్జీకి చెప్పి, చేతులు తుడుచుకుంటూ కూతురితో రోడ్డెక్కాడు.

"తమ్ముడూ, ఆగు, నేనూ వస్తున్నా!" దుర్భిణి కెమెరా పట్టుకుని లేచాడు.

టీ కొట్టాయన వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"నీకెందుకన్నా శ్రమ? నువ్వు డాబా మీంచే తియ్యి. నాకు నీ అంత లెన్సు లేదు, నేను దగ్గరికెళ్ళి చూసుకుంటా."