పదకొండో ఇంటి వంతు

జక్రయ్య అని ఉండేవాడంట, నడుముకి తాళంచెవి కట్టుకుని తిరిగేవాడు. పెద్ద షావుకారేం కాదు, తాళం వేసుకునేంత ఆస్తి అతని ఇంట్లో ఏముంది, రెండు కుండలూ ఒక పిల్లీ. ఆ తాళం చర్చి వెనకాల కొట్టుది. ఆ కొట్లో పల్లె మొత్తానికీ విత్తనాలు ఉండేవి. ఎందుకలా అంటారా? అంతకుముందు ఒక కరువు ఏడు ఏమైందంటే, ఆకలికి ఆగలేక అందరూ విత్తనాలు కూడా వండుకు తినేశారంట. తీరా వాన పడ్డాక చల్లడానికి గింజ లేదు. అప్పుడు ఆశీర్వాదం పంతులని, ఆ పల్లెలో అక్షరమ్ముక్క వచ్చిన మనిషి ఆయనొక్కడే, ఆయనేం చేశాడంటే, కోతలవగానే ఇంటింటా విత్తనానికి జొన్నలు తీయించి, బూడిదా వేపాకూ కలిపి బానల్లో పోయించి, మూతులకి పేడమట్టి మెత్తించి కొట్లో పెట్టించాడు. తాళం జక్రయ్యకిచ్చాడు. జక్రయ్యకే ఎందుకంటే, వాడు మొండోడు. ఏడ్చినా ఇవ్వడు, తిట్టినా ఇవ్వడు. విత్తనాలకి అలాంటోడే కావాలి మరి.

ఆ పంతులే ఇంకో పని కూడా చేశాడు. పల్లెకంతా ఒకటే గ్రంథం, చదివే నోరు ఒకటే. ఆయనకేమో చూపు మందగిస్తా ఉంది. నేను పోతే వీళ్ళకి వాక్యం ఎవరు చెబుతారని దిగులు పట్టుకుందంట. అందుకని పద్దెనిమిది ఇళ్ళకీ పద్దెనిమిది వంతులేశాడు. సువార్తలోంచి ఒక్కో ముక్క తీసి ఒక్కో ఇంటికిచ్చి, కంఠతా వచ్చిందాకా వాళ్ళ గుమ్మంలో కూర్చుని వల్లె వేయించాడు. మొదటి ఇంటికి మొదటి ముక్క, రెండో ఇంటికి దాని తర్వాతది, అలా వరసగా. ఆదివారం వస్తే ఇంటికొకరు లేచి తమ వంతు అప్పజెప్పాలి. పద్దెనిమిది ఇళ్ళూ లేచి కూర్చుంటే పుస్తకం చదివినట్టే అనుకో. పంతులు పోయాక కూడా అది ఆగలేదు. పుస్తకాన్ని గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టారు, మాటలు మాత్రం నోళ్ళలో తిరుగుతానే ఉన్నాయి.

అయితే పదకొండో ఇల్లు దీవెనమ్మది. జక్రయ్యకి తోడబుట్టిన అక్క. ఆమె మొగుడు పోయిన ఏడు, తొలకరికే తొందరపడి విత్తింది. మొలకొచ్చింది, ఆ తర్వాత నెల దాకా చినుకు లేదు, వచ్చిన మొలక వచ్చినట్టే మాడింది. తమ్ముడి దగ్గరికొచ్చి, ఒరే, ఇంకొక్క చేటెడు గింజలియ్యరా, చివరి బానలో మిగులున్నాయంటగా అందంట. ఒకసారిచ్చాక రెండోసారి లేదక్కా అన్నాడు. "ఎవరు పెట్టార్రా ఆ కట్టుబాటు?" అంటే, "పెట్టార్లే" అన్నాడు. పది మంది చూస్తుండగా తాళంచెవి మీద చెయ్యేసుకుని నిలబడ్డాడంట, అక్క దోచుకోడానికి వచ్చినట్టు. ఆ ఏడు ఆమె చేను బీడు పడింది. ఆమె మాట మానేసింది, చర్చి మానేసింది. పల్లె కూడా జక్రయ్య వైపే మాట్లాడింది. తాళం ఎవరి దగ్గరుంటే న్యాయం కూడా వాళ్ళ దగ్గరే ఉంటది కదా. ఆదివారం పదో ఇల్లు చెప్పి కూర్చున్నాక, ఒక్క క్షణం ఎవరూ మాట్లాడరు. ఎవరో ఒకరు దగ్గుతారు. అప్పుడు పన్నెండో ఇంటి గిద్యోను లేస్తాడు. అలా ఏడేళ్ళు. ఏడేళ్ళలో ఏమైందంటే, పదకొండో ఇంటి వంతు ఏందో పల్లె మరిచేపోయింది. పన్నూడితే నాలుగు రోజులు నాలుక అక్కడికే పోద్ది, ఆ తర్వాత అక్కడొక సందుందన్న సంగతే గుర్తుండదు. అట్టా.

ఎండాకాలం చివర్లో ఒక మనిషి వచ్చాడు. తెల్ల బట్టలు, నల్ల గొడుగు, చంకలో అట్టేసిన పుస్తకం. పేరు నతానియేలంట, నోరు తిరక్క, ముందు జరిగేది చూడగలడంట గనక, అందరూ దీర్ఘదర్శయ్య అన్నారు, ఆయనా వద్దనలేదు. చెడ్డోడిలా ఉండేవాడనుకునేరు, కాదు. పాట అందుకుంటే గొడ్లు మేత మాని వినేవంట. ముసలాళ్ళ కాళ్ళు పిసికేవాడు. ఏ ఇంట్లో తింటే ఆ ఇంటి పచ్చడి మెచ్చుకునేవాడు, ఆ ఇంటి గొడవలూ ఓపిగ్గా వినేవాడు. జక్రయ్యనైతే, నీలాంటి నమ్మకస్తుణ్ణి ఏ సంఘంలోనూ చూళ్ళేదయ్యా అన్నాడు. జక్రయ్యకి ఆ పూట అన్నం కూడా అక్కర్లేకపోయింది. నెల రోజులు ఒక్కటంటే ఒక్కటి అడగలేదు ఆ మనిషి. వింటున్నారా? అడిగేవాణ్ణి కనిపెట్టొచ్చు. అడగనోణ్ణి కనిపెట్టడమే కష్టం.

ఒక ఆదివారం ప్రార్థన మధ్యలో వెక్కి వెక్కి ఏడ్చాడంట. ఏందయ్యా ఏందయ్యా అని అందరూ చుట్టూ చేరితే, "నాకు బయలుపడింది. జొన్నకంకి పాలు పోసుకునే లోపల ప్రభువు వస్తున్నాడు. ఇంక విత్తేవాడు నమ్మనివాడు. వచ్చే ఆదివారం కొట్టు తెరవండి. సగం దంచి విందు చేసుకుందాం. సగం బండికెత్తండి, కొండ మీద పరిశుద్ధులు ఆకలితో ఎదురుచూస్తున్నారు" అన్నాడు. జనానికేమో మూడేళ్ళ నుంచి పంట సగం సగమే. ఒళ్ళలిసిపోయి ఉన్నారు. "ఈ ఏడు కలుపు తియ్యక్కర్లేదంటే అదే సగం పరలోకం వదినా" అని ఒకామె, "మిగతా సగం మీ ఆయన లేకపోతే వచ్చుద్దిలే" అని ఇంకొకామె. నవ్వారు గానీ, నవ్వులోనే ఒప్పేసుకున్నారు. అలిసిపోయినోడికి విశ్రాంతి అనే మాట ఎవరు చెప్పినా దేవుడు చెప్పినట్టే ఉంటది. జక్రయ్య మాత్రం లేచాడు. "అయ్యా, గ్రంథంలో ఇదెక్కడుందో చెబితే..." అన్నాడు. దీర్ఘదర్శయ్యకి కోపం రాలేదు, జాలిగా చూశాడంట. "రాసింది చెప్పడానికి పంతులు చాలు. రాయనిది చూడ్డానికే దీర్ఘదర్శి. నీ నడుముకున్నది తాళంచెవి కాదు జక్రయ్యా, నీ అపనమ్మకం." అంతే, జనమంతా ఆయన వైపు తిరిగింది. తాళం ఇవ్వకపోతే తలుపే పీకుదామన్నారు.

ఆ వారం మబ్బులు కూడా పట్టాయి. జక్రయ్య కొట్టు గడప మీద కూర్చుని ఆలోచిస్తాడంట. ఆయన చెప్పింది నిజమైతే, నేను ప్రభువుకే అడ్డం పడ్డట్టు. అబద్ధమైతే, పద్దెనిమిది ఇళ్ళ పొయ్యిలు నా చేతుల్తో ఆర్పినట్టు. చదువుదామంటే పెట్టెలో పుస్తకం ఉంది గానీ కళ్ళున్న గుడ్డోడు తను. చివరికి ఇంటింటికీ బయల్దేరాడు. మీ వంతు చెప్పండి, మీ వంతు చెప్పండి అని. ఒకచోట విత్తేవాడి కథ వచ్చింది, ఒకచోట తప్పిపోయిన గొర్రె వచ్చింది. ప్రభువు రాకడ మాట ఎక్కడా తగల్లేదు. పన్నెండో ఇంటికి పోతే గిద్యోను తాడు పేనుకుంటా గడగడా చెప్పాడు. ఇద్దరు పొలంలో ఉంటే ఒకణ్ణి తీసుకుపోతారు ఒకణ్ణి వదిలేస్తారు, ఇద్దరాడాళ్ళు తిరగలి విసురుతుంటే ఒకామెని తీసుకుపోతారు ఒకామెని వదిలేస్తారు అని. "ఎవరు తీసుకుపోతార్రా? ఎప్పుడు?" అన్నాడు జక్రయ్య. "నాకేం తెలుసు బాబాయ్, పంతులు నాకు మొండెమే ఇచ్చాడు. తలకాయ ముందింట్లో ఉంది" అని గోడవతలికి చూపించాడు. గోడవతల దీవెనమ్మ చేటలో పప్పు చెరుగుతున్న చప్పుడు వినపడతానే ఉంది. జక్రయ్య విననట్టు ఇంటికొచ్చేశాడు.

ఏమైందని పెళ్ళాం శలోమి అడిగింది. సంగతి విని, పోయి మీ అక్కనడుగు అంది. ఆ గడప తొక్కను అన్నాడు. "సరే తొక్కమాక. మన వంతు ఒకసారి చెప్పు, నాకు మరుపొచ్చింది" అంది. ఆమెకి మరుపేంది, ఇద్దరూ కలిసే నేర్చుకున్నారు. ఈయన మొదలుపెట్టాడు. నువ్వు బలిపీఠం దగ్గరికి అర్పణ తెచ్చినప్పుడు, నీ తోడబుట్టినవాళ్ళకి నీ మీద ఏదన్నా ఉందని అక్కడ గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలేసి, ముందు పోయి... అక్కడ ఆగిపోయాడు. ఏడేళ్ళు ప్రతి ఆదివారం లేచి, చేతులు కట్టుకుని, తడబడకుండా చెప్పిన ముక్క. కూర్చున్నాక భలే చెప్పావన్నట్టు పక్కోళ్ళు తలూపేవాళ్ళు కూడా. శలోమి పొయ్యిలో పుల్ల ఎగదోస్తా, తల తిప్పకుండానే, "కంఠం దాకా వచ్చింది నీకు. ఇంకా కిందకి దిగలేదు" అందంట. ఆడది ఒక్కోసారి అలా అనేసి కూర కలపడంలో పడిపోద్ది. మనం ఏం చేస్తాం? లేచి కండువా దులుపుకున్నాడు.

మిట్టమధ్యాహ్నం, పల్లె మొత్తం చూస్తుండగా పోయాడు అక్క వాకిట్లోకి. ఆమె చేట ఆపలేదు. "ఎవరూ? తాళంచెవిగారా? మా ఇంట్లో దొంగసొత్తు ఉందని వచ్చారా?" "అక్కా, మీ ఇంటి వంతు వాక్యం ఒకసారి..." "వాక్యం కావాల్నా, అక్క కావాల్నా? వాక్యం కోసమైతే పొయ్యిరా. ఏడేళ్ళ నుంచి ప్రతి ఆదివారం ఈ వాకిట్లో నిలబడి కోళ్ళకి చెబుతున్నా. మీకంటే అవే బాగా వింటాయి." అప్పుడు జక్రయ్య నేల మీద చతికిలబడ్డాడంట. "రెండోసారి ఇవ్వకూడదని పంతులు చెప్పలేదక్కా. అది నేను పెట్టిందే. నీకిస్తే, అక్క గనక ఇచ్చాడంటారని భయమేసింది. నిక్కచ్చి మనిషనే పేరు పోద్దని. ఆ పేరు కోసం నీ చేను బీడు పెట్టాను" అన్నాడు. దీవెనమ్మ చేట కింద పెట్టింది. వెంటనే కరిగిపోయిందనుకునేరు, ఆమె కూడా ఆ గర్భంలోంచి వచ్చిందే, అదే మొండి. "ఇది నాకు చెబితే చాలదు. ఆ రోజు పది మందిలో పొమ్మన్నావు. పది మందిలోనే చెప్పు. చెబుతానంటే ఆదివారం వస్తా" అంది. చెబుతానన్నాడు. అప్పుడు లోపలికి పోయి గంజి తెచ్చిచ్చి, "తాగు, మొహం అట్టా పీక్కుపోయిందేందిరా" అంది.

ఆదివారం వచ్చింది. కొట్టు ముందు బండి కట్టి ఉంది. దీర్ఘదర్శయ్య ఈ రోజు వంతులు వద్దు, తెరుద్దాం పదండి అన్నాడంట. జక్రయ్య, "చివరిసారి కదయ్యా, ప్రభువు వచ్చేస్తున్నాడుగా, చెప్పుకోనియ్యండి" అన్నాడు. దానికి కాదనలేకపోయాడు. ఒకటో ఇల్లు, రెండో ఇల్లు, అలా పదో ఇల్లు కూర్చుంది. అలవాటు ప్రకారం ఒకడు దగ్గాడు. గిద్యోను సగం లేచాడు. వెనక నుంచి, "కూర్చోరా, ఇంకా నా వంతు కాలేదు" అని గొంతు. దీవెనమ్మ. గుమ్మంలో నిలబడి చెప్పింది. ఎవడన్నా వచ్చి ఇదుగో ఇక్కడున్నాడు, అదుగో అక్కడున్నాడు అంటే నమ్మొద్దు. ఆ దినం, ఆ గడియ ఏ మనిషికీ తెలియదు. పరలోకంలో దూతలకీ తెలియదు, కుమారుడికి కూడా తెలియదు, తండ్రికొక్కడికే తెలుసు. ముందు వరసలో ఒక ముసలాయన పెదాలు కదులుతున్నాయి. పంతులు ఆ గుమ్మంలో కూర్చుని వల్లె వేయించిన రోజు దారిన పోతా విన్నాడంట, ఇప్పుడు ఆమెతో పాటే నోటికొచ్చేస్తా ఉంది.

దీర్ఘదర్శయ్య తొణకలేదు. "ఏడేళ్ళు సంఘానికి దూరమైన ఆడదాని నోట వాక్యమా? సాతాను కూడా వాక్యం చెబుతాడు" అన్నాడు. కొంతమంది తలూపారు కూడా. అప్పుడు జక్రయ్య లేచాడు. "ఆమె దూరం కాలేదు. నేను తోసేశాను" అని, కట్టుబాటు సంగతీ, బీడు చేను సంగతీ, పేరు కోసం చేశానన్న సంగతీ, అన్నీ చెప్పాడు. చెబుతుంటే చెవులు ఎర్రబడ్డాయంట, అంత ముసలోడికి. "వాక్యం ఆమె దగ్గర భద్రంగానే ఉంది. లేనిదల్లా మన దగ్గరే" అని కూర్చున్నాడు. ఇక గిద్యోను ఆగలేకపోయాడు. లేచి తన వంతు అందుకున్నాడు, ఇద్దరు పొలంలో ఉంటే, ఇద్దరు తిరగలి విసురుతుంటే అని. రెండు ముక్కలూ ఏడేళ్ళకి అతుక్కున్నాయి. చెబుతా చెబుతా వాడే మధ్యలో ఆగి, "అయితే బాబాయ్, ఆయన వచ్చేటప్పటికి మనం పొలంలో ఉండాలిగా? మనం కొండెక్కి కూర్చుంటే ఆయన చేలో ఎవర్ని చూసుకుంటాడు?" అన్నాడు. కలుపు గురించి నవ్విన ఆమే, "ఓరి దేవుడా, కలుపు తప్పేట్టు లేదు" అంది. అప్పుడు చూడాలి, జనం నవ్వు.

ఆ నవ్వులోనే అయిపోయింది అనుకో. దీర్ఘదర్శయ్య మిమ్మల్ని తీర్పుకి అప్పగిస్తున్నానని గొడుగు విప్పుకుని పోయాడు. అందరూ మారారనుకోకండి, రెండు ఇళ్ళవాళ్ళు మూట కట్టుకుని ఆయన వెంటే పోయారు. వాన మంగళవారం పడింది. జక్రయ్య కొట్టు తెరిచాడు. దీవెనమ్మ చేట పట్టుకొస్తే తాళంచెవి ఆమె చేతిలో పెట్టబోయాడంట, నువ్వే ఉంచుకో అక్కా అని. "నాకెందుకురా, నా నడుముకే నొప్పి. నీ దగ్గరే ఉంచు. తలుపు తీసేముందు వచ్చినోళ్ళ మొహం చూడు, చాలు" అంది. ఆ ఏడు జొన్నకంకి పాలు పోసుకుంది, గింజ కట్టింది, ఎండింది, కోశారు, కుప్పేశారు. వెళ్ళినవాళ్ళలో ఒకింటోళ్ళు కోతలకి తిరిగొచ్చారు. ఎవరూ ఏమీ అనలేదు, కొడవలి చేతికిచ్చారు.

ప్రభువు రానే రాడా అంటారేమో. వస్తాడు. ఎప్పుడో మీకూ నాకూ తెలియదు, తెలుసన్నోడికి అసలే తెలియదు. ఇప్పుడైతే ఇంటికి రెండు గ్రంథాలున్నాయి, వాటి మీద కళ్ళజోళ్ళు పెట్టుకుంటున్నాం. సరే, ఆ దీర్ఘదర్శయ్య ఏమయ్యాడంటారా? ఏమవుతాడు, పక్కూరు పోయి ఉంటాడు. పోగానే ముందు, ఆ ఊళ్ళో ఎవరికీ ఎవరికీ మధ్య మాటల్లేవో కనుక్కుని ఉంటాడు.